సవరణ: విక్టోరియా కాలపు రైతు పెళ్లిలో భార్య సొమ్ము ఎవరిది?

అప్పుల్లో మునిగిన ఇంగ్లండ్ కౌలు రైతు కాస్త డబ్బున్న అమ్మాయిని చేసుకుంటే ఆమె ఆస్తంతా అతనిదైపోయేదని మొన్నటి పోస్టులో రాశాను. దానికి ఈ సవరణ చేర్చి చదవండి: పెళ్లి ఏ ఏడాది జరిగిందన్నది చూడాలి.

1883కి ముందు పెళ్లయితే, ఆమె తెచ్చిన నగదు, పశువులు, సామాను మామూలుగా భర్తవే. భూమి సంగతి వేరు. దాని మీద ఆదాయం అతను తీసుకోవచ్చు గానీ ఆమె ఒప్పుకోకుండా శాశ్వతంగా అమ్మేయలేడు. కలిగినవాళ్లు ట్రస్టు పత్రాలు రాయించి కూతురి సొమ్ము కాపాడుకునేవారు. చిన్న రైతు ఆ లాయరు ఖర్చు ఎక్కడ భరిస్తాడు? ఆ అమ్మాయిలను తలచుకుంటే నిజంగా బాధేస్తుంది. పెళ్లయిన స్త్రీకి సొంత సంపాదన మీద హక్కు మాత్రం 1870 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టంతోనే వచ్చింది.

అదే పేరుతో చేసిన 1882 చట్టం 1883 జనవరి 1న అమల్లోకి వచ్చింది. ఆ తర్వాత పెళ్లయినవాళ్ల ఆస్తి వాళ్లదే. రైతుకు డబ్బు టెన్షన్ పెరిగిన కాలం కూడా అదే. 1877లో క్వార్టరుకు (అప్పటి ధాన్యం కొలత) 56 షిల్లింగులు (అప్పట్లో పౌనుకు 20) దాటిన గోధుమ ధర, అమెరికా దిగుమతుల దెబ్బకు 1894లో 23 షిల్లింగుల లోపుకి పడిపోయింది. కౌలు బకాయి తీర్చడానికి ఆమె డబ్బు కావాలంటే భర్త ఆమెను అడగాల్సిందే. ఆమె కాదనవచ్చు కూడా.