చిటికెన వేలి మీద కుటుంబ సభ

ఫంక్షన్ హాల్లో భోజనాలయ్యాక మెట్ల దగ్గర నల్లబూట్లన్నీ ఒకే పోలికగా ఉంటాయి. పెళ్లికొడుకు మేనమామగారు 8వ నంబరు జత విడిచి లోపలికెళ్లి, 7వ నంబరు జత తొడుక్కుని ఇంటికొచ్చారు. ఈ రెండు నంబర్లకూ పొడవులో తేడా అంగుళంలో మూడో వంతు, అంటే సుమారు 8.5 మిల్లీమీటర్లు. "ఈమాత్రం దానికి కొత్తవి కొనాలా? పైగా మనవాటికన్నా ఇవి ఖరీదైనవి" అని ఆయన సర్దుకుపోయారు. సర్దుకోలేకపోయింది చిటికెన వేలే.

జాగా లేని వేలు ముడుచుకుంటుంది. పైకి లేచిన కణుపు బూటుకు రోజంతా రాసుకుంటుంది. ఆ రాపిడికి తట్టుకుందామని చర్మం మందమెక్కుతుంది, మందమెక్కిన చోట ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. కొన్ని వారాలకు అక్కడ గట్టిపడి, మొన లోపలికి తిరిగి పొడుస్తుంది. అదే ఆనెకాయ.

వైద్యం కన్నా ముందు సలహాలొచ్చాయి. పక్కింటి పిన్నిగారు జిల్లేడు పాలన్నారు, ఊరి నుంచి ఫోన్లో అత్తయ్యగారు జీడిగింజన్నారు, బావమరిది సున్నమూ సబ్బూ కలిపి పెట్టమన్నాడు. మూడూ చేసేది ఒక్కటే, చర్మాన్ని కాల్చడం. ఏది ఆనె, ఏది వేలు అని చూసే మర్యాద వాటికి లేదు. జీడి రసం తగిలితే మంచి చర్మం కూడా బొబ్బలెక్కుతుంది. జిల్లేడు పాలు అంటిన చేత్తో కన్ను నలుపుకుంటే వ్యవహారం కంటి డాక్టరు దాకా పోతుంది.

"అసలది పులిపిరేమో బావగారూ" అని మరదలు అనుమానం లేవదీసింది. దీనికొక పరీక్ష ఉంది. ఆనెను నిలువుగా నొక్కితే నొప్పి, అరికాలి పులిపిరిని పక్కల నుంచి గిల్లితే నొప్పి. పులిపిరిలో చాలాసార్లు నల్లటి చుక్కలు కూడా కనిపిస్తాయి. ఇంటిల్లిపాదీ తలోసారి నొక్కి చూశారు. నొక్కిన ప్రతిసారీ ఆయన కేకపెట్టారు గనక ఆనెకాయేనని ఏకగ్రీవంగా తేలింది.

అప్పుడాయన గడ్డం బ్లేడు తీశారు. "వేరుతో సహా పెకలిస్తే గానీ పోదు" అని ఆయన సిద్ధాంతం. ఆనెకు వేరు ఉండదు, ఉన్నదల్లా ఆ మొనే. వేరు కోసం తవ్వితే దొరికేది రక్తం. అది వెంటనే దొరికింది. (షుగరున్నవాళ్లు మాత్రం ఈ వేషం వెయ్యనే కూడదు. కాలికి స్పర్శ తగ్గి ఉంటే తెగింది తెలియదు, పుండు మానదు. బ్లేడూ, ఆనె మీద అంటించే మందుపట్టీ అయిన కార్న్ క్యాపూ రెండూ వాళ్లకు నిషేధం.)

గాయం మానాక కార్న్ క్యాప్ వంతు. గుండ్రటి పట్టీ, నడుమ శాలిసిలిక్ ఆమ్లపు మందు. అది చాలా రకాల్లో 40 శాతం దాకా ఉంటుంది. గోరువెచ్చటి నీళ్లలో పావుగంట కాలు నానబెట్టి, తడి లేకుండా తుడిచి, మందు సరిగ్గా ఆనె మీదే పడేలా అంటించాలి. సాధారణంగా 2 రోజులకోసారి మార్చాలి, 14 రోజులు దాటకూడదు. మేనమామగారు తుడవకుండా అంటించి, పైన మేజోడు తొడిగి, అవే బూట్లు వేసుకుని ఆఫీసుకెళ్లారు. సాయంత్రానికి పట్టీ పక్కవేలి మీదికి జరిగిపోయింది. రెండు రోజులకు ఆ వేలి తోలు తెల్లగా ఉబ్బి ఊడివచ్చింది. ఆనెకాయ మాత్రం నిక్షేపంగా ఉంది.

చర్మం డాక్టరుగారు చిన్నకత్తితో పైపొరలు చెక్కి 5 నిమిషాల్లో తేల్చేశారు. అది చచ్చిన చర్మం గనక నొప్పే లేదు. తర్వాత బూట్లకేసి చూసి, "ఇవే తొడిగితే నెలా రెణ్నెల్లలో మళ్లీ వస్తారు" అన్నారు.

ఇక కొత్త బూట్లు. పాదాలు ఉబ్బి ఉంటాయి గనక సాయంత్రమే కొనాలి. నిలబడి రెండు పాదాలూ కొలవాలి, పెద్దదాని ప్రకారం తీసుకోవాలి, అన్నిటికన్నా పొడుగు వేలి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. మేనమామగారికి ఎడమపాదం పెద్దదని యాభై రెండేళ్ల తర్వాత షాపులో బయటపడింది. షాపతను మాత్రం 7వ నంబరే చేతికిచ్చి, "వాడగా వాడగా సాగుతాయి సార్" అన్నాడు. అసలు తోలైతే వెడల్పు కాస్త సాగుతుంది, పొడవు సాగదు, రెక్సిన్ ఎటూ సాగదు. ఈ సంగతి ఊరి నుంచి దిగిన అత్తయ్యగారు అతనికి వివరిస్తుంటే, మేనమామగారు సాక్ష్యం కోసం మేజోడు విప్పబోయారు. షాపతను వద్దు సార్ వద్దు సార్ అంటూ 9వ నంబరు తెచ్చాడు.