సంతకాల రిజిస్టరు శిక్షణ కాదు

బడులు తెరిచిన కొత్తలో చాలాచోట్ల ఒక తంతు జరుగుతుంది. సిబ్బందిని హాల్లో కూర్చోబెట్టి, తెరమీద చట్టాల సెక్షన్లు చూపిస్తారు. వెనక వరుసల్లో సంతకాల రిజిస్టరు చేతులు మారుతుంది. టీ తాగి ఫొటో దిగుతారు. బాలల రక్షణ మీద, పనిచోట లైంగిక వేధింపుల నివారణ మీద శిక్షణ పూర్తయిందని ఫైల్లో రాసుకుంటారు.

ఆ గంటసేపూ ఆయా పిల్లలను కనిపెట్టుకుని తరగతి గదిలోనే ఉంటుంది. వంటమనిషి పొయ్యి దగ్గర, వ్యాను డ్రైవరు గేటు బయట. నిన్నటిదాకా పరుగెత్తుకొచ్చి వ్యాను ఎక్కిన పాప ఈ రోజు మెట్టు దగ్గరే నిలబడి ఏడుస్తోందంటే, ముందుగా గమనించేది ఆ ఆయానే. గమనించాక ఎవరికి చెప్పాలో మాత్రం ఆమెకు ఎవరూ చెప్పి ఉండరు.

2022లో హైదరాబాద్ బంజారాహిల్స్‌లోని ఒక పాఠశాలలో నాలుగేళ్ల చిన్నారిపై అఘాయిత్యానికి ఒడిగట్టింది ప్రిన్సిపల్ కారు డ్రైవరు. మరుసటి ఏడాది కోర్టు అతనికి 20 ఏళ్ల జైలుశిక్ష విధించింది. కారు నడపవలసిన మనిషికి తరగతి గదుల వైపు పనేమిటని నిలదీసే ధైర్యం అటెండరుకూ ఆయాకూ కలిగించలేని శిక్షణ ఎందుకు?

ఇంకో గందరగోళాన్ని కూడా శిక్షణలోనే తొలగించాలి. ఉద్యోగినికి వేధింపు ఎదురైతే, పనిచోట లైంగిక వేధింపుల నివారణకు తెచ్చిన 2013 చట్టం ప్రకారం ఆమె మూడు నెలల్లోగా సంస్థలోనే ఉండే అంతర్గత కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. కమిటీ 90 రోజుల్లో విచారణ ముగించాలి. బిడ్డ విషయంలో ఆ దారి లేదు. నేరం జరిగిందని తెలిసినా, జరగవచ్చన్న భయం కలిగినా పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. ‘ముందు మేం విచారించి చూస్తాం’ అనే హక్కు ఏ యాజమాన్యానికీ లేదు. కింది ఉద్యోగి చేసిన నేరాన్ని దాచిన సంస్థ అధిపతికి ఏడాది వరకు జైలుశిక్ష పడుతుంది. బిడ్డ వాంగ్మూలాన్ని యూనిఫాం లేని పోలీసు అధికారి, వీలైనంతవరకు మహిళా ఎస్సై, ఇంటికి వెళ్లి నమోదు చేయాలని అదే చట్టం చెబుతుంటే, హెడ్మాస్టరు గదికి పిలిపించి నలుగురి ముందు ‘మళ్లీ చెప్పు’ అనడం ఎంత క్రూరం! తల్లిదండ్రులతో రాజీ కుదిరినా కేసు సమసిపోదు. రాజస్థాన్‌లో ఒక ఉపాధ్యాయుడిపై పెట్టిన కేసును రాజీ పేరిట హైకోర్టు కొట్టేస్తే, 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును రద్దు చేసింది.

దారులు వేరైనా ఉద్యోగిని రక్షణ, బిడ్డ రక్షణ ఒక ఉదంతంలో కలుస్తాయి. 1992లో రాజస్థాన్‌లో భన్వరీదేవి అనే ప్రభుత్వ గ్రామ కార్యకర్త ఒక పసిబిడ్డకు పెళ్లి చేయకుండా అడ్డుపడింది. అందుకు ప్రతీకారంగా ఆమెపై సామూహిక అత్యాచారం జరిగింది. ఆ ఉదంతం నుంచే పనిచోట లైంగిక వేధింపులపై సుప్రీంకోర్టు 1997లో ఇచ్చిన ‘విశాఖ’ తీర్పు, ఆ తీర్పు నుంచి 2013 చట్టం వచ్చాయి. బిడ్డను కాపాడబోయిన ఉద్యోగినికే కాపుదల లేకపోవడం అప్పటి కథ. ఇప్పుడు మాత్రం ఎంత మారింది? పై అధికారి వేధింపు గురించి తను నోరు విప్పితే ఉద్యోగం ఉండదని భయపడే కాంట్రాక్టు టీచరు, అదే మనిషి మీద ఒక పాప చెప్పిన మాటను పోలీసుల దాకా తీసుకెళ్లగలదా? రోజుకూలీ, కాంట్రాక్టు సిబ్బంది, శిక్షణార్థులు అందరూ ఆ 2013 చట్టం పరిధిలోకి వస్తారు. పదిమంది కన్నా తక్కువ పనిచేసే చోట జిల్లా స్థాయి స్థానిక కమిటీ ఉంటుంది. ఈ సంగతి వారికి చెప్పే నాథుడే లేడు.

గురుకులాలు, కస్తూర్బా విద్యాలయాలు, ప్రైవేటు బడులు, అంగన్వాడీలు అన్నింటిలోనూ ఈ శిక్షణ తేలిక తెలుగులో, పనివేళల్లోనే, జీతం కోతపడకుండా, వంటగది నుంచి గేటు దాకా ప్రతి ఒక్కరికీ అందేలా రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు ఆదేశాలివ్వాలని మేము కోరుతున్నాం. కమిటీ సభ్యుల పేర్లు, ఫోను నంబర్లు, పిల్లల సహాయ నంబరు 1098 బీరువా వెనక కాకుండా అందరి కంటా పడేచోట రాసి ఉండాలి. తనిఖీకి వచ్చే విద్యాధికారి రిజిస్టరు ఒక్కటే చూసి వెళ్లకూడదు. ఆయాను కూర్చోబెట్టి, ‘పాప ఏడుస్తూ ఏదైనా చెబితే నువ్వేం చేస్తావమ్మా?’ అని అడగాలి. ఆమె చెప్పే జవాబును బట్టే ఆ బడికి అనుమతి కొనసాగించాలో లేదో తేల్చాలి.