పోర్షే బాక్స్‌స్టర్ ఇంజిన్ ఆగిందంటే ఐఎంఎస్ బేరింగ్ పోయినట్టేనా?

అమెరికాలో మనవాళ్ల కార్ల గ్రూపుల్లో ఒక మెసేజ్ మళ్లీ మళ్లీ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: "1997 నుంచి 2008 దాకా వచ్చిన పోర్షే స్పోర్ట్స్ కార్లు కొనొద్దు. నడుస్తూ నడుస్తూ ఇంజిన్ ఉన్నట్టుండి ఆగిపోయిందంటే ఐఎంఎస్ బేరింగ్ పోయినట్టే. ఇక ఆ ఇంజిన్ తుక్కు. వచ్చిన కాడికి అమ్మేయండి. కొనక తప్పదంటే తక్కువ మైళ్లు తిరిగిన బండి చూసుకోండి, ఇంజిన్‌ను ఎక్కువ తిప్పకుండా మెల్లగా నడపండి. బేరింగ్ మార్పించేస్తే మాత్రం జన్మలో భయం లేదు."

ఆ బేరింగ్‌కి ఒక బలహీనత ఉన్న మాట నిజం. కానీ ఈ మెసేజ్‌లో ఆ ఒక్క నిజం చుట్టూ చేరినవి చాలావరకు తప్పులే. వాటిని నమ్మి బాగున్న బండిని తుక్కు రేటుకు ఇచ్చేస్తున్నారు. నిజంగా ప్రమాదంలో ఉన్న ఇంజిన్‌ను గుర్తుపట్టలేక పాడు చేసుకుంటున్నవాళ్లూ ఉన్నారు. అందుకే ఒక్కో మాటా తీసుకుని చూద్దాం.

ముందు ఆ బేరింగ్ సంగతి. బాక్స్‌స్టర్, 911 కరెరాల్లో వాడిన ఎం96 ఇంజిన్‌లో పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్ట్ కింద ఇంకో షాఫ్ట్ ఉంటుంది, దాన్నే ఇంటర్మీడియట్ షాఫ్ట్, పొట్టిగా ఐఎంఎస్ అంటారు. క్రాంక్ దాన్ని చైన్‌తో తిప్పుతుంది, దాని నుంచి వెళ్లే చైన్లు రెండు వైపులా వాల్వులను తెరిచి మూసే క్యామ్ షాఫ్టులను తిప్పుతాయి. ఆ షాఫ్ట్‌కు ఫ్లైవీల్ (గేర్‌బాక్స్ వైపు ఉండే బరువైన చక్రం) వైపు చివర సీల్ చేసిన బాల్ బేరింగ్ పెట్టారు. లోపల గ్రీజు, బయట సీలు. కాలం గడిచేకొద్దీ ఇంజిన్ ఆయిల్ సీలు దాటి లోపలికి చేరి గ్రీజును కడిగేస్తుంది. చేరిన ఆయిల్ బయటికి రాలేక అక్కడే పాతబడుతుంది. బేరింగ్ అరిగి పూర్తిగా విడిపోతే షాఫ్ట్ పక్కకు జరుగుతుంది, చైన్ పళ్లు దాటుతుంది, టైమింగ్ తప్పి వాల్వులు పిస్టన్లకు తగులుతాయి. ఇది జరిగితే నష్టం మామూలుగా ఉండదు.

ఇప్పుడు మొదటి మాట: "ఉన్నట్టుండి ఆగితే బేరింగే." అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ మాటే.

ఇంజిన్ నడవాలంటే పెట్రోలు రావాలి, స్పార్క్ రావాలి, కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి గట్టిగా నొక్కుకోవడం) ఉండాలి, ఇవన్నీ సరైన క్షణంలో జరగాలి. బేరింగ్ పోతే దెబ్బతినేది చివరి రెండే. మొదటి రెండూ ఆగడానికి మాత్రం ఇరవై ఏళ్లు దాటిన కారులో ఎన్నో చిన్న కారణాలు ఉంటాయి. వాటిలో ముందు చూడాల్సింది క్రాంక్ సెన్సర్. గేర్‌బాక్స్ ఇంజిన్‌ను కలిసే చోట కూర్చుని ఫ్లైవీల్ పళ్లను లెక్కపెట్టే చిన్న సెన్సర్ ఇది. దాని సిగ్నల్ రాకపోతే కంప్యూటర్‌కు ఇంజిన్ తిరుగుతోందన్న సంగతే తెలియదు, పెట్రోలూ స్పార్కూ రెండూ ఆపేస్తుంది. ఈ సెన్సర్ పాతబడితే వేడెక్కినప్పుడు మొరాయిస్తుంది, చల్లారితే మళ్లీ పనిచేస్తుంది. నడుస్తూ శబ్దం లేకుండా ఆగిపోవడం, అరగంట తర్వాత ఏమీ జరగనట్టు స్టార్ట్ కావడం దీని లక్షణం. ముక్కలైన బేరింగ్ చల్లారితే అతుక్కోదు కదా.

డాలస్‌లో ఉండే ఒక తమ్ముడి 2001 బాక్స్‌స్టర్ ఆగస్టు ఎండలో ఫ్రీవే దిగుతుంటే ఇలాగే ఆగింది. టో చేయించి ఒక షాపుకు తీసుకెళ్తే ఇంజిన్ మీది మూత కూడా తీయకుండా "ఐఎంఎస్" అన్నారట. బండి అక్కడే వదిలేస్తే రెండు వేల డాలర్లు ఇస్తామన్నారట. "అన్నా, ఇంజిన్ పోయిందంటున్నారు, ఇచ్చేయమంటావా?" అని ఫోన్ చేశాడు. ఆగినప్పుడు ఏమైనా మోత వచ్చిందా అని అడిగితే లేదన్నాడు. బండి ఇంటికి తెప్పించాం. చల్లారాక సెల్ఫ్ కొట్టగానే పట్టుకుంది. స్కానర్ తగిలించి వేడెక్కేదాకా ఐడిలింగ్‌లో ఉంచితే మళ్లీ ఆగింది. అప్పుడు సెల్ఫ్ కొడుతూ స్కానర్ స్క్రీన్ చూశాం. స్టార్టర్ మామూలుగా తిప్పుతోంది, కానీ ఆర్‌పీఎం దగ్గర సున్నా. ఇంజిన్ కళ్లముందు తిరుగుతుంటే కంప్యూటర్‌కు కనిపించడం లేదు! ఒక్క బోల్టుతో ఉండే సెన్సర్ మార్చాం, బండి ఇప్పటికీ నడుస్తోంది. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తబోయారు. ఆ రెండు వేలు తీసుకుని ఉంటే ఆ కుర్రాడు ఎంత పోగొట్టుకునేవాడో తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

సెన్సర్ కాకపోతే పెట్రోలు వైపు చూడాలి. తాళం తిప్పగానే, స్టార్టర్ దాకా వెళ్లకముందే, ట్యాంకులోని పంపు ఒకటి రెండు సెకన్లు సన్నగా మోగుతుంది. ఆ శబ్దం లేకపోతే ఫ్యూజు, రిలే, పంపు వరుసగా చూసుకోవాలి. శబ్దం వచ్చినంత మాత్రాన ప్రెషర్ ఉన్నట్టు కాదు, ఫ్యూయల్ రెయిల్ (ఇంజెక్టర్లకు పెట్రోలు పంచే గొట్టం) మీద గేజ్ తగిలించుకునే వాల్వు ఉంటుంది, అక్కడ కొలవాలి. ఈ కార్లలో ఇగ్నిషన్ స్విచ్ వెనక ఉండే కరెంటు భాగం అరిగిపోవడం కూడా మామూలే. తాళం కాస్త కదిపితే ఏసీ ఫ్యాను ఆగడం, మీటర్ లైట్లు ఆరిపోవడం లాంటివి అంతకుముందు జరిగి ఉంటే ముందు దాన్నే అనుమానించండి. పెద్ద ఖరీదు కూడా కాదు.

స్టార్టర్ నీరసంగా "గుర్... గుర్..." మంటుంటే ఇంజిన్ పట్టేసిందని బెంబేలెత్తేవాళ్లు ఇంకొందరు. ఈ కార్లలో స్టార్టర్‌కూ ఆల్టర్నేటర్‌కూ కరెంటు తీసుకెళ్లే లావు కేబుల్ లోపల తుప్పు పడుతుంది. బ్యాటరీ కొత్తదైనా ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు స్టార్టర్ ఈడుస్తుంది. మల్టీమీటర్ పెట్టి స్టార్ట్ చేసేటప్పుడు కేబుల్ మీద ఎన్ని వోల్టులు పోతున్నాయో చూస్తే పది నిమిషాల్లో తేలిపోతుంది.

మరి నిజంగా బేరింగ్ పోతే ఎలా తెలుస్తుంది? చాలా సందర్భాల్లో ఆగే ముందు మోత వస్తుంది. గలగలలాడుతూ ఇనుము ఇనుముకు తగిలే శబ్దం, ఇంజిన్ తడబడటం, ఆ తర్వాత ఆగడం. ఆ తర్వాత సెల్ఫ్ కొడితే ఎదురుబలం లేకుండా అతి తేలిగ్గా, వేగంగా తిరుగుతుంది, లేదా మధ్యలో గట్టిగా తగిలి ఆగుతుంది. ఇలాంటి శబ్దం వచ్చి ఆగితే మాత్రం దయచేసి ఇంకోసారి సెల్ఫ్ కొట్టొద్దు. "ఒక్కసారి చూద్దాం" అనుకుంటూ కొట్టిన ఒక్కోసారికీ ఇంకో వాల్వు వంగవచ్చు. క్రాంక్ పుల్లీ బోల్టుకు 24 ఎంఎం సాకెట్ పెట్టి చేత్తో సవ్యదిశలో రెండు పూర్తి చుట్లు తిప్పి చూడాలి. ఎక్కడైనా గట్టిగా తగిలితే అక్కడే ఆపేయాలి. బలవంతం చేయకూడదు.

ఏమీ తగలకపోతే తర్వాత చూడాల్సింది ఆయిల్ ఫిల్టర్. ఎం96 ఇంజిన్‌లో ఫిల్టర్ కాగితపు మడతలతో ఉండే కార్ట్రిడ్జ్, కాబట్టి లోపల ఏముందో చూడటం సులువు. కాగితాన్ని కత్తితో కోసి, మడతలు విప్పి, తెల్ల పేపర్ మీద పరిచి, ఎండలో చూడాలి. బురద రంగు ఆయిల్ మధ్య మెరిసే రవ్వలు కనిపిస్తే ప్లాస్టిక్ కవర్‌లో చుట్టిన అయస్కాంతాన్ని దాని మీద నడపండి. అయస్కాంతానికి అంటుకునే సన్నటి ఉక్కు రేకులైతే బేరింగ్ మీద అనుమానం బలపడుతుంది. అంటుకోకుండా మెరిసేవైతే అల్యూమినియం, ఇతర బేరింగుల లోహం కావచ్చు, అది వేరే కథ. నల్లటి, గోధుమరంగు ప్లాస్టిక్ ముక్కలు చాలావరకు చైన్ గైడ్ల నుంచి రాలేవి. ఫిల్టర్ హౌసింగ్‌లో బైపాస్ వాల్వు ఉంటుంది కాబట్టి కొన్ని రవ్వలు తప్పించుకుంటాయి, అందుకే ఆయిల్ సంప్ ప్లేట్ (ఇంజిన్ అడుగున ఉండే మూత) కూడా విప్పి అడుగు చూసుకుంటే మంచిది. ఇవన్నీ చేయకుండా ఫోన్‌లో "బేరింగే" అని చెప్పేవాళ్లది పరీక్ష కాదు, జోస్యం.

రెండో మాట: "ఇంజిన్ తుక్కు, అమ్మేయండి." బేరింగ్ పూర్తిగా విడిపోయి టైమింగ్ తప్పిన ఇంజిన్ విషయంలో ఇది చాలావరకు నిజమే. విప్పి బాగుచేయించే ఖర్చు పాత బాక్స్‌స్టర్ ధరను దాటిపోవచ్చు. కానీ ఆగిపోయిన ప్రతి ఇంజిన్‌కూ ఈ మాట అంటించడం అన్యాయం. ఫిల్టర్‌లో రవ్వలు మొదలైనప్పుడే పట్టుకుంటే ఇంజిన్ విప్పి, కడిగి, మళ్లీ కట్టే అవకాశం ఉంటుంది. పైగా, ఈ ఇంజిన్ చెడిపోవడానికి వేరే దారులు కూడా ఉన్నాయి. వెనక నుంచి తెల్లటి పొగ మేఘంలా వస్తే చాలామంది ఇంజిన్ పోయిందనుకుంటారు. చాలాసార్లు అది ఆయిల్ ఆవిరిని వేరుచేసే సెపరేటర్ లోపలి డయాఫ్రమ్ చిరగడం మాత్రమే. నడుస్తున్న ఇంజిన్ మీద ఆయిల్ మూత తీయబోతే లోపలికి గట్టిగా లాగుతున్నట్టు ఉంటుంది, అదే దాని గుర్తు. వదిలేస్తే మాత్రం ఆయిల్ సిలిండర్లలోకి చేరి పెద్ద నష్టమే తెస్తుంది, కాబట్టి ఆ పొగతో నడపకండి. సిలిండర్ గోడలు గీసుకుపోవడం, అంటే మన షెడ్లలో ఇంజిన్ బోరుకొచ్చిందనే స్థితి, నెలల తరబడి ఆయిల్ తాగుతూ, ఒక వైపు పొగగొట్టం నల్లబడుతూ వస్తుంది. అది ఉన్నట్టుండి వచ్చేది కాదు.

మూడో మాట: "1997 నుంచి 2008 దాకా అన్నీ." అన్నీ కాదు. ఆ కాలపు 911 టర్బో, జీటీ2, జీటీ3 కార్లలో ఉన్నది వేరే ఇంజిన్, మెట్జ్‌గర్ ఇంజిన్ అంటారు. అందులో ఈ సీల్డ్ బాల్ బేరింగ్ లేదు. మిగతావాటిలో కూడా మూడు రకాల బేరింగులు వాడారు. మొదటి కార్లలో రెండు వరుసల బేరింగ్ ఉండేది, తర్వాత ఒకే వరుసది వచ్చింది. 2000, 2001 మోడళ్లలో రెండూ కనిపిస్తాయి, విప్పితే గాని ఏదో గట్టిగా చెప్పలేం. 2006 నుంచి 2008 దాకా వచ్చినవాటిలో పెద్ద బేరింగ్ ఉంది, అది కాస్త గట్టిది, అయితే ఇంజిన్ కేసు రెండుగా విప్పకుండా బయటికి రాదు. 2009 మోడల్‌తో వచ్చిన కొత్త ఇంజిన్లలో ఆ షాఫ్టే తీసేశారు.

ఎక్కువ గొడవ ఒకే వరుస బేరింగ్ మీదే. అమెరికాలో దీని మీద ఐసెన్ పేరుతో క్లాస్ యాక్షన్ కేసు (ఓనర్లందరి తరఫున వేసే ఒకే కేసు) నడిచి 2013లో సెటిల్ అయింది. 2001 మే 4 నుంచి 2005 ఫిబ్రవరి 21 మధ్య తయారైన కార్లకు అది వర్తించింది. ఆ కేసు సందర్భంగా వచ్చిందని ఈ కార్లవాళ్లు తరచూ చెప్పుకునే లెక్క ప్రకారం పోయిన బేరింగులు ఒకే వరుసవాటిలో 8 శాతం, రెండు వరుసలవాటిలో 1 శాతం లోపు. 8 శాతం తక్కువేం కాదు, ఆ కంగారు నాకు అర్థమవుతుంది. కానీ ఆ లెక్కనే పట్టుకున్నా నూటికి తొంభై రెండు బళ్లలో అది పోలేదు. అలాంటప్పుడు ఇంజిన్ ఆగిన ప్రతి బండికీ అదే కారణం ఎలా అవుతుంది?

నాలుగోది, తక్కువ మైళ్ల సలహా. ఏడాదికి వెయ్యి మైళ్లు కూడా తిరగకుండా గ్యారేజీలో పడుకున్న బండిలో ఆయిల్ పూర్తిగా వేడెక్కదు, తేమ అందులోనే ఉండిపోతుంది, సీలు దాటిన ఆయిల్ బేరింగ్‌లో అలాగే కూర్చుంటుంది. ఈ ఇంజిన్ల మీద పనిచేసే నిపుణుల్లో చాలామంది రోజూ నడిపే బండినే ఎక్కువ నమ్ముతారు. నేను ఓడోమీటర్ కంటే ఆయిల్ మార్చిన బిల్లులు చూస్తాను. కంపెనీ అప్పట్లో 15,000 మైళ్ల దాకా ఆయిల్ మార్చక్కర్లేదంది. ఈ ఇంజిన్‌కు అది చాలా ఎక్కువ. 5,000 మైళ్లకో ఏడాదికో, ఏది ముందొస్తే అప్పుడు మార్చడం, మార్చిన ప్రతిసారీ ఫిల్టర్ కోసి చూడటం మేలు.

"మెల్లగా నడపండి" అన్నది కూడా తప్పే. తక్కువ ఆర్‌పీఎంలో పెద్ద గేరు వేసి ఇంజిన్‌ను ఈడిస్తే బేరింగ్ మీద భారం తగ్గదు, ఆయిల్ చిమ్మడం మాత్రం తగ్గుతుంది. చల్లగా ఉన్నప్పుడు తొందరపెట్టకుండా, వేడెక్కాక హాయిగా తిప్పితే చాలు.

చివరిది, బేరింగ్ మార్పిస్తే జన్మలో భయం లేదన్న మాట. మార్చడం మంచి పనే. బేరింగ్ ఫ్లైవీల్ వెనకే ఉంటుంది కాబట్టి క్లచ్ మార్పించేటప్పుడు కలిపి చేయించుకుంటే లేబర్ ఖర్చు చాలా కలిసొస్తుంది. కానీ కొత్తగా వేసే బాల్ బేరింగులకూ ఒక ఆయుష్షు ఉంటుంది, దాన్ని తయారుచేసినవాళ్లే మళ్లీ ఎప్పుడు మార్చాలో చెబుతారు. ఇంకో విషయం, పాతదాని నుంచి అప్పటికే ఉక్కు రవ్వలు ఆయిల్‌లో కలిసి ఉంటే కొత్త బేరింగ్ వేసినా ఆ రవ్వలు ఇంజిన్ అంతా తిరుగుతూనే ఉంటాయి, కొత్త బేరింగ్‌తో పాటు మిగతా బేరింగులనూ తినేస్తాయి. అందుకే పని ఒప్పుకునే ముందు ఫిల్టర్ కోసి, సంప్ ప్లేట్ విప్పి మీ కళ్లముందు చూపించమని మెకానిక్‌ను అడగండి. స్కానర్‌లో క్యామ్ డీవియేషన్ అంకెలు (క్యామ్ షాఫ్టులు ఉండాల్సిన చోటు నుంచి ఎంత జరిగాయో చెప్పేవి) ఒకేచోట నిలబడుతున్నాయా, ఎగురుతున్నాయా అన్నది కూడా రాయించుకోండి. ఇవేవీ చూడకుండానే "వేసేద్దాం సార్" అనే షాపులో తాళాలు ఇవ్వకండి.