ఇంగ్లిష్‌లో ఎవరి ఉద్యోగమూ పోదు

ఇంగ్లిష్ పాడైపోతోందని గుండెలు బాదుకునేవాళ్లని చూస్తే నాకు జాలేస్తుంది. పాడవడం కాదండీ, దానికి పనితనం పెరిగింది. గోరంతని కొండంత చేసేవాళ్లు మనకీ ఊరికి పదిమంది ఉంటారు గానీ, కొండంతని గోరంత చేసే విద్య మనకింకా సరిగ్గా పట్టుబడలేదు. ఇప్పటి ఇంగ్లిష్ రెండూ ఒకే నోటితో చేసేస్తోంది.

లిటరల్లీ సంగతే తీసుకోండి. అక్షరాలా, ఉన్నది ఉన్నట్టు అని మనకి బళ్లో చెప్పారు. ఇప్పుడు ఎవరైనా "ఐ లిటరల్లీ డైడ్" అని మెసేజ్ పెడితే పూలదండ కొనుక్కుని బయల్దేరకండి, క్యాంటీన్‌లో ఎవరో జోకేశారని అర్థం. ఆక్స్‌ఫర్డ్, మెరియం వెబ్‌స్టర్ నిఘంటువులు రెండూ ఈ వాడుకని ఎక్కించేసుకున్నాయి. 2013లో ఆ సంగతి వార్తలకెక్కినప్పుడు ఇంగ్లిష్ పెద్దమనుషులు లిటరల్లీ కుప్పకూలారు, ఏ అర్థంలో కూలారో మీరే చూసుకోండి. తమాషా ఏమిటంటే ఈ అతిశయోక్తి నిన్న మొన్నటి కుర్రకారు తెచ్చింది కాదు, దాని వయసు రెండొందల ఏళ్ల పైమాటే.

గ్యాస్‌లైటింగ్ కథ ఇంకా బాగుంటుంది. 1938లో ఒక ఇంగ్లిష్ నాటకం వచ్చింది. అందులో మొగుడు, నీకు మతి చలించిందని పెళ్లాన్ని రోజూ నమ్మిస్తుంటాడు. వాడు పై అంతస్తులో దొంగచాటుగా దీపం వెలిగించినప్పుడల్లా కింద గదిలో గ్యాస్ దీపాలు మసకబారుతుంటాయి. ఒక మనిషికి తన కళ్ల మీదే నమ్మకం పోయేలా చేయడం, అంత ఘోరానికి పుట్టిన పేరది. 2022లో మెరియం వెబ్‌స్టర్ దాన్ని ఆ ఏటి మేటి మాటగా ప్రకటించింది కూడా. ఇప్పుడు "సాంబార్లో ఉప్పెక్కువైందని నేననలేదే" అంటే చాలు, అది గ్యాస్‌లైటింగ్. బిర్యానీ ఆర్డర్ క్యాన్సిలైతే ట్రామా. ఇచ్చిన అప్పు తిరిగి అడిగినవాడు టాక్సిక్.

మాటలన్నీ ఇలా సాంబారుకీ బిర్యానీకీ ఖర్చైపోతే అసలు ఘోరాలకి ఏం మిగులుతుందని మీకు బెంగ కలగొచ్చు. బెంగక్కర్లేదు, వాటి కోసం మెత్తటి మాటలు విడిగా తయారవుతున్నాయి. 2023 ఏప్రిల్ 20న స్పేస్‌ఎక్స్ వాళ్ల స్టార్‌షిప్, అప్పటిదాకా ఎగిరిన రాకెట్లన్నిటిలోకీ పెద్దది, లేచిన నాలుగు నిమిషాలకే ఆకాశంలో పేలి ముక్కలైంది. పేలిందని మీరూ నేనూ అంటాం. కంపెనీ మాత్రం "ర్యాపిడ్ అన్‌షెడ్యూల్డ్ డిస్అసెంబ్లీ" అంది, అంటే అనుకోకుండా చకచకా విడిపోవడమట. కుక్కర్ మూత ఎగిరి సీలింగుకి తగిలినప్పుడు ఇంట్లో ఈ ముక్క వాడి చూడండి, ఏం జరుగుతుందో నా పూచీ లేదు. 2017లో షికాగోలో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ విమానంలోంచి, టికెట్ కొని సీట్లో కూర్చున్న ఒక డాక్టర్ని మొహం మీద నెత్తురు కారుతుండగా ఈడ్చుకెళ్లారు. కంపెనీ పెద్ద మొదట విచారం తెలిపింది ప్రయాణికుల్ని "రీ-అకామొడేట్" చేయాల్సి వచ్చినందుకు! ఆ మాట వింటే ఆయనకి ఇంకో గదీ కాఫీ ఏర్పాటు చేశారేమో అనిపిస్తుంది.

ఇక మన హైటెక్ సిటీ, గచ్చిబౌలి ఆఫీసుల్లో ఈ విద్య బాగా ముదిరింది. అక్కడ ఎవరి ఉద్యోగమూ పోదు, "రోల్ ఇంపాక్ట్" అవుతుంది. దెబ్బ కుర్చీకి తగులుతుంది, అందులో కూర్చున్నవాడికి ఏమీ కాదు. జనాన్ని తగ్గించడం రైట్‌సైజింగ్, అంటే నిన్నటిదాకా ఉన్నది రాంగ్ సైజన్నమాట, ఆ సైజుకి పెంచిన మేనేజర్లు మాత్రం క్షేమం. ఉద్యోగం పోయినవాడు కూడా తక్కువ తినలేదు, ఈఎంఐ తల్చుకుని వణుకుతూనే లింక్డిన్‌లో "ఎక్సైటెడ్ ఫర్ ది నెక్స్ట్ చాప్టర్" అని రాస్తాడు, మూడొందల మంది "కంగ్రాట్స్" కొడతారు. దేనికి కంగ్రాట్సో ఎవరూ అడగరు, అడిగితే టాక్సిక్.

వీళ్లందరి మధ్య పాపం ప్రీపోన్ అంటే నవ్వుతారు. మీటింగు ముందుకి జరిగిందని ఒక్క ముక్కలో చెప్పే మాట, ఇండియన్ ఇంగ్లిష్‌లో పెరిగి ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు దాకా వెళ్లింది. ఏమీ దాచదు, దేన్నీ ఉబ్బించదు. అందుకే కాబోలు గౌరవం లేదు.

ఈ విద్యకి ఒక్కటే ఇబ్బంది, ఊళ్లో పనిచెయ్యదు. మా బంధువుల కుర్రాడు ఒకడున్నాడు. వాళ్ల బాబాయ్ ఫోన్ చేసి, నువ్వు తీసుకున్న యాభై వేలు ఎప్పుడిస్తావురా అనడిగితే, "ఇప్పుడు బ్యాండ్‌విడ్త్ లేదు బాబాయ్, నెక్స్ట్ వీక్ సర్కిల్ బ్యాక్ అవుతా" అన్నాడట, ఇప్పుడు కుదరదు, వచ్చే వారం మళ్లీ మాట్లాడతానని దాని భావం. ఆయన కాసేపు ఆలోచించి, "డబ్బులివ్వకపోగా మధ్యలో సర్కిల్‌ గారి పేరెత్తుతావేంట్రా? ఎస్సై మనవాడే, రమ్మను చూద్దాం" అన్నాడు. సాయంత్రానికి డబ్బులు ఫోన్‌పేలో పడ్డాయి.