పిన్ను స్విచ్ కాదు: రాస్ప్‌బెర్రీ పై గురించి తిరుగుతున్న ఆ మెసేజ్‌కి జవాబు

రాస్ప్‌బెర్రీ పై (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ బోర్డు, క్లుప్తంగా "పై") కొత్తగా మొదలుపెట్టినవాళ్లు ఒకరికొకరు తెగ పంపించుకుంటున్న మెసేజ్ ఒకటుంది. "జీపీఐఓ పిన్నుల గురించి అనవసరంగా భయపెడతారు, అవి మామూలు స్విచ్చులే" అని మొదలై ఐదు మాటలు చెబుతుంది. జీపీఐఓ అంటే సెన్సర్లూ లైట్లూ కలిపి కోడ్‌తో చదివే, నడిపే పిన్నులు. పిన్నులకి 5 వోల్టులు ఇవ్వొచ్చట, ఎల్ఈడీకి రెసిస్టర్ అక్కర్లేదట, చిన్న మోటారూ రిలే (కాయిల్‌కి కరెంటు ఇస్తే పడే స్విచ్) కూడా నేరుగా కలపొచ్చట, ఏమీ కలపని ఇన్‌పుట్ పిన్ను సున్నానే చూపిస్తుందట, ఇక నంబరు నంబరే కాబట్టి ఒక పై మీద నడిచిన కోడ్ అన్ని పైల మీదా నడుస్తుందట. చదవడానికి ధైర్యంగా ఉంటుంది, అందుకే అందరూ పంపుతున్నారు. కానీ ఐదూ తప్పే. వాటిలో మూడు బోర్డుని పాడుచేసే తప్పులు కాబట్టి ఊరుకోలేక రాస్తున్నాను.

మొదటిది, 5 వోల్టులు. మెసేజ్ చెప్పే కారణం "బోర్డు మీదే 5 వోల్టుల పిన్నులు ఉన్నాయి కదా" అని. ఉన్నాయి, 40 పిన్నుల్లో 2, 4 నంబర్లవి అవే. కానీ అవి సరఫరా పిన్నులు, మీరు అడాప్టర్ నుంచి ఇచ్చిన 5 వోల్టులే అక్కడ బయటికి వస్తాయి. వాటి పక్కనే ఉన్న జీపీఐఓ పిన్నులు నేరుగా చిప్‌లోంచి వస్తాయి, మధ్యలో కాపాడే సర్క్యూట్ ఏదీ లేదు, అవి పనిచేసేది 3.3 వోల్టుల మీద. పై 4 వరకూ ఏ మోడల్‌లోనూ ఈ పిన్నులు 5 వోల్టులకి తగినవి కావు. పై 5 లో పిన్నుల్ని చూసుకునే ఆర్‌పీ1 అనే వేరే చిప్ ఈ విషయంలో గట్టిదే, బోర్డు ఆన్‌లో ఉండగా 5 వోల్టులు తట్టుకుంటుంది, కానీ బోర్డు ఆఫ్‌లో ఉండి సెన్సర్‌కి మాత్రం విడిగా పవర్ అందుతుంటే ఆ హామీ లేదు.

ఇది నేను చేతులు కాల్చుకుని నేర్చుకున్న విషయం. దూరం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సర్ హెచ్‌సీ-ఎస్‌ఆర్04 తెలుసు కదా, దానికి 5 వోల్టులు ఇస్తే దాని ఎకో పిన్ను కూడా 5 వోల్టులే తిరిగి పంపుతుంది, నేను దాన్ని తిన్నగా పై 3 కి కలిపేశాను. రెండు వారాలు బ్రహ్మాండంగా పనిచేసింది. ఆ తర్వాత ఒక రోజు నుంచి ఆ పిన్ను, వైరు పీకేసినా సరే, ఎప్పుడు చదివినా 1 అనే చెప్పడం మొదలుపెట్టింది. "నాది పనిచేస్తోంది" అని ఆ మెసేజ్ కింద రాసేవాళ్లందరూ బహుశా ఆ రెండు వారాల్లోనే ఉన్నారు. చెయ్యాల్సిందల్లా ఎకో వైరుకి 1 కిలోఓమ్ రెసిస్టర్ వరసలో పెట్టి, పై పిన్ను దగ్గర్నుంచి గ్రౌండ్‌కి 2 కిలోఓమ్‌లు పెట్టడం. 5 వోల్టుల్లో మూడింట రెండు వంతులే పిన్నుకి చేరుతుంది, అంటే 3.33.

రెండోది రెసిస్టర్ సంగతి, దీని మీద కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇది సగం తెలిసినవాళ్లు నమ్మే తప్పు. "పిన్నుకి 16 మిల్లీయాంప్‌ల పరిమితి సెట్టింగ్ ఉంది, అంతకు మించి కరెంటు పోనివ్వదు" అంటారు. పై 3 వరకు వచ్చిన బోర్డుల్లో 2 నుంచి 16 మిల్లీయాంప్‌ల వరకు మార్చుకునే డ్రైవ్ స్ట్రెంగ్త్ అనే సెట్టింగ్ ఉన్న మాట నిజమే, మామూలుగా అది 8 దగ్గర ఉంటుంది. కానీ దాని అర్థం వేరు. అంత కరెంటు తీసుకున్నంత వరకు పిన్ను వోల్టేజీ నిలబడుతుంది, 1 అంటే 1 గానే, 0 అంటే 0 గానే అవతలి చిప్‌కి తెలుస్తుంది అని అది ఇచ్చే మాట. అంతకన్నా ఎక్కువ లాగితే పిన్ను ఆపదు, వోల్టేజీ దిగజారుతూనే కరెంటు ఇస్తుంది, లోపల వేడెక్కుతుంది. రెసిస్టర్ లేని ఎర్ర ఎల్ఈడీ వెలుగుతుంది కూడా, పిన్ను లోపలి ట్రాన్సిస్టర్లే రెసిస్టర్ పని చేస్తూ ఆ భారం మోస్తుంటాయి కాబట్టి. లెక్క వేసుకోవడం కష్టం కాదు: ఎర్ర ఎల్ఈడీ సుమారు 2 వోల్టులు తీసుకుంటుంది, 3.3 లోంచి మిగిలిన 1.3 వోల్టుల్ని 330 ఓమ్‌లతో భాగిస్తే 4 మిల్లీయాంప్‌లు. మనిషికి కనబడడానికి ఆ వెలుతురు చాలు.

ఈ రెండు తప్పులూ ఎక్కడి నుంచి వచ్చాయో కూడా చెబుతాను, ఎందుకంటే రాసినవాళ్లకి దురుద్దేశం ఉందని నేను అనుకోవడం లేదు. పాత ఆర్డ్యునో యూనో అనేది ఇంకో రకం బోర్డు, 5 వోల్టులది, దాని పిన్ను 20 మిల్లీయాంప్‌లు హాయిగా ఇస్తుంది, 40 దాని ఆఖరి హద్దు. యూనో మీద ఏళ్ల తరబడి సాగిన అలవాట్లని తెచ్చి పై మీద పెట్టేశారు. పిన్నులు చూడటానికి ఒకేలా ఉన్నా వెనకాల ఉన్న చిప్‌లు వేరు.

మోటారు, రిలే నేరుగా కలపడం గురించి పెద్దగా వాదించాల్సింది లేదు. మామూలు 5 వోల్టుల చిన్న రిలే కాయిల్ 70 మిల్లీయాంప్‌లు అడుగుతుంది, మోటారు కదలడం మొదలుపెట్టేటప్పుడు ఇంకా చాలా ఎక్కువ. పైగా కాయిల్‌కి కరెంటు ఆపిన క్షణంలో అది పెద్ద వోల్టేజీని వెనక్కి తంతుంది. మధ్యలో ఆ కరెంటుని మోసే ట్రాన్సిస్టరో, మోస్‌ఫెట్ అనే మరో రకం ట్రాన్సిస్టరో పెట్టాలి, కాయిల్‌కి అడ్డంగా 1ఎన్4007 లాంటి డయోడ్ తిరగేసి పెట్టాలి. దుకాణాల్లో దొరికే రిలే మాడ్యూల్‌లో ఇవన్నీ ముందే ఉంటాయి, "నేను నేరుగానే కలిపా" అనేవాళ్లు చాలామంది నిజానికి వాడేది అదే. ఒక జాగ్రత్త మాత్రం ఎవరూ చెప్పరు: బోర్డు ఆన్ అయ్యేటప్పుడు పిన్నులన్నీ ఇన్‌పుట్‌లే, అయితే జీపీఐఓ 0 నుంచి 8 వరకు లోపలి రెసిస్టర్ వాటిని పైకి, అంటే 1 వైపు, లాగి ఉంచుతుంది (పుల్-అప్), 9 నుంచి 27 వరకు కిందికి, అంటే 0 వైపు (పుల్-డౌన్). కాబట్టి మోస్‌ఫెట్ గేటుని (దాన్ని ఆన్ చేసే కాలుని) జీపీఐఓ 4 కి కలిపితే మీ కోడ్ ఇంకా మొదలవకముందే మోటారు తిరగొచ్చు. గేటు నుంచి గ్రౌండ్‌కి 10 కిలోఓమ్‌లు పెడితే సరిపోతుంది.

నాలుగోది, "కలపని పిన్ను సున్నా". కలపని పిన్ను దేనికీ కట్టుబడి ఉండదు, గాలిలో వేలాడే వైరు యాంటెన్నాలా పనిచేస్తుంది. పుల్ ఏదీ లేకుండా ఒక వైరు గుచ్చి దగ్గరగా చెయ్యి పెట్టి చూడండి, నొక్కని బటన్ నొక్కినట్టు 0, 1 అని మారిపోతూ ఉంటుంది. సున్నా చూపించిందని మెసేజ్ రాసినాయన అన్నది అబద్ధం కాకపోవచ్చు, ఇందాక చెప్పినట్టు సగానికి పైగా పిన్నులు మొదట్లో కిందికి లాగి ఉంటాయి, ఆయన వాటిలో ఒకటి చూసి ఉంటారు. దాన్ని నమ్ముకోకుండా కోడ్‌లో పుల్-అప్ కావాలో పుల్-డౌన్ కావాలో మీరే రాసెయ్యండి, ఒక్క లైను పని.

ఇక కోడ్. ముందు నంబర్ల గొడవ. జీపీఐఓ 17 అంటే బోర్డు మీద 11వ పిన్ను. బోర్డు మీద వరసగా లెక్కపెడితే వచ్చే 17వ పిన్ను 3.3 వోల్టుల సరఫరా. ఈ తేడా తెలియకుండా అక్కడా గ్రౌండ్‌కీ మధ్య బటన్ కలిపి నొక్కారనుకోండి, అది నేరుగా షార్ట్. "నంబరు నంబరే" అనే ఒక్క మాట ఎంత నష్టం చేస్తుందో చూడండి.

పాత కోడ్ అన్నిచోట్లా నడుస్తుందన్నది కూడా 2023 లో పై 5 వచ్చాక నిలబడదు. పాత ఆర్‌పీఐ డాట్ జీపీఐఓ లైబ్రరీ ప్రాసెసర్ రిజిస్టర్లని (పిన్నుల్ని నడిపించే లోపలి గదుల్ని) తిన్నగా ముట్టుకునేది, పై 5 లో పిన్నులు ప్రాసెసర్‌లో లేవు, ఆర్‌పీ1 లో ఉన్నాయి, కాబట్టి అది అక్కడ పనిచెయ్యదు. కొత్తగా రాసేవాళ్లు పైథాన్‌లో జీపీఐఓ జీరో లైబ్రరీ వాడండి, సి భాషలో అయితే లిబ్‌జీపీఐఓడీ.

ఆ మెసేజ్ నమ్మి ఇప్పటికే 5 వోల్టులు కలిపేసినవాళ్లు టెన్షన్ పడకుండా ఒక పని చెయ్యండి. వైర్లన్నీ తీసేసి, ఆ పిన్నుని ఇన్‌పుట్‌గా పెట్టి, ఒకసారి పుల్-అప్‌తో, ఒకసారి పుల్-డౌన్‌తో చదవండి. 1, తర్వాత 0 వస్తే ఇన్‌పుట్ వరకు పిన్ను బతికే ఉంది. రెండుసార్లూ ఒకటే వస్తే పోయినట్టే, దాన్ని వదిలేసి మిగతావాటిని ఇలాగే ఒక్కొక్కటీ చూసుకుని వాడుకోండి. జీపీఐఓ 2, 3 మీద మాత్రం ఈ పరీక్ష పనికిరాదు, వాటికి బోర్డు మీదే 1.8 కిలోఓమ్‌ల పుల్-అప్ అతికించి ఉంటుంది, పిన్ను ఎంత బాగున్నా మీ పుల్-డౌన్ దాన్ని కిందికి లాగలేదు.