వారంటు అంటే బయానా మాత్రమే

ఉండి గ్రామం దగ్గర రొయ్యల చెరువులు సాగుచేసే ఒక రైతు ఈ మధ్య భీమవరంలో కలిసి తన ఫోను నా చేతికిచ్చారు. రొయ్యల ఎగుమతి వ్యాపారంలో ఉన్న ఒక చిన్న కంపెనీ షేర్లు ఆయన దగ్గర ఉన్నాయి. ధర బాగా పడిపోయింది. ఇంతలో ‘డైరెక్టర్లు భారీగా కొంటున్నారు’ అని ఎవరో సందేశం పంపారు. “లోపలివాళ్లే కొంటున్నారండి మాస్టారూ, మనకంటే వాళ్లకు తెలియదా? రొయ్యల పట్టుబడి డబ్బులు చేతికొచ్చాయి, ఇంకొన్ని కొందామనుకుంటున్నాను” అన్నారు.

ఆయన ఆలోచనలో తప్పు లేదు. గట్టు మీద కాపలా పడుకునేవారికి తెలిసినంతగా చెరువు సంగతి మరెవరికి తెలుస్తుంది? కానీ ఆ కంపెనీ స్టాక్ ఎక్స్ఛేంజికి ఇచ్చిన పత్రం తెరిస్తే, డైరెక్టరు కుటుంబం మార్కెట్లో ఒక్క షేరూ కొనలేదు. వారంట్లు, అంటే కంపెనీ కొత్త షేర్లను ముందే ఖాయమైన ధరకు తర్వాత తీసుకునే హక్కు, తీసుకుంది. ఈ రెండింటినీ ‘కొనుగోలు’ అనే ఒకే మాటతో చెప్పడం చిన్న మదుపరులకు చేటు చేస్తోంది.

డెల్టాలో భూమి బేరాలు చూసినవారికి వారంటు కొత్త వస్తువేమీ కాదు. అది బయానా. ఇవాళ్టి ధర ఖాయం చేసుకుని, కొంత సొమ్ము ఇచ్చి, రిజిస్ట్రేషనుకు గడువు పెట్టుకుంటాం కదా, అలాంటిదే. షేర్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ నిబంధనల ప్రకారం వారంటు తీసుకునేవారు ముందుగా కనీసం 25 శాతం కట్టాలి. మిగతా 75 శాతం కట్టి షేరుగా మార్చుకోవడానికి 18 నెలల గడువు ఉంటుంది. అప్పటికీ కట్టకపోతే బయానా పోతుంది, షేరు రాదు.

100 రూపాయల ధరకు వారంటు తీసుకున్నారనుకుందాం. చేతి నుంచి వెళ్లింది 25. ఏడాదిన్నరకు షేరు 160 అయితే మిగతా 75 కట్టి దాన్ని సొంతం చేసుకుంటారు. 40కి పడిపోతే? ఆ 75 కట్టరు. వారి నష్టం 25తో ఆగుతుంది. వారంట్ల వార్త చూసి అదే 100 రూపాయలకు షేరు కొన్న రైతుకు మాత్రం 60 పోతుంది. పెరిగితే ఇద్దరికీ 60 రూపాయల లాభమే. పడితేనే తేడా తెలుస్తుంది. డైరెక్టరు ధైర్యాన్ని చూసి మనమూ ధైర్యం చేస్తున్నామనుకుంటాం కానీ, ఆ ధైర్యం ఇంకా పావు వంతే.

మార్కెట్లో సొంత డబ్బుతో కొనడం వేరు. సొమ్మంతా ఒకేసారి కట్టాలి. కొన్న ఆరు నెలల్లోపు తిరిగి అమ్మకూడదు. మూడు నెలల కాలం ముగిసింది మొదలు, ఫలితాలు వెల్లడైన 48 గంటల వరకు డైరెక్టర్లు కొనడానికీ అమ్మడానికీ వీల్లేదు. ఒక త్రైమాసికంలో లావాదేవీల విలువ 10 లక్షల రూపాయలు దాటితే రెండు ట్రేడింగ్ రోజుల్లో కంపెనీకి తెలపాలి, కంపెనీ మరో రెండు రోజుల్లో ఎక్స్ఛేంజికి చెప్పాలి. ఆ పత్రంలో షేర్లు ఏ విధంగా వచ్చాయో చెప్పే గడి ఒకటి ఉంటుంది. మార్కెట్ కొనుగోలా, ఎంచుకున్న కొందరికే కంపెనీ కొత్త షేర్లో వారంట్లో ఇచ్చే ప్రాధాన్య కేటాయింపా, బంధువుల మధ్య బదిలీయా అన్నది అక్కడే తెలుస్తుంది. సందేశాలు పంపేవారు ఆ గడిని వదిలేసి సంఖ్యను మాత్రమే పంపుతారు.

అయితే వారంట్లన్నీ చెడ్డవని నేననను. మార్కెట్లో కొంటే డబ్బు అమ్మినవారికి వెళుతుంది, కంపెనీకి పైసా రాదు. వారంటు సొమ్ము కంపెనీ ఖాతాలోకే వస్తుంది. 2025 ఆగస్టులో అమెరికా మన సరకులపై సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు రొయ్యల ఎగుమతిదారులు ఎంత ఇబ్బంది పడ్డారో ఇక్కడ చెప్పనక్కర్లేదు. అలాంటి వేళ ప్రమోటరు, అంటే కంపెనీని తన అదుపులో నడిపించే యజమాని, జేబులోంచి డబ్బు తెచ్చి పెడితే మంచిదే.

ఏ ధరకు పెట్టారన్నదే నా పట్టింపు. గత 90 ట్రేడింగ్ రోజుల సగటు, 10 రోజుల సగటు, ఈ రెండింటిలో ఎక్కువైన దానికంటే తక్కువకు వారంట్లు ఇవ్వకూడదన్నది నియమం. ధర ఒక్కసారిగా కూలితే ఈ నియమం వాటాదారులను కాపాడుతుంది. నాలుగైదు నెలలుగా నేలచూపులే చూస్తుంటే రెండు సగటులూ అడుగునే ఉంటాయి. అప్పుడు కోటి షేర్ల కంపెనీలో 20 లక్షల వారంట్లు షేర్లయితే, ఒక శాతం ఉన్నవారి వాటా 0.83 శాతానికి తగ్గుతుంది. కాలువకు కొత్త తూము పెట్టినప్పుడు నీరు కూడా సరిపడా పెరిగితే సరే. లేకపోతే ఎండేది శివారు పొలమే.

దీనికి ఆమోదం ఎవరిస్తారు? వాటాదారుల ప్రత్యేక తీర్మానం కావాలి, వ్యతిరేక ఓట్లకు కనీసం మూడు రెట్లు అనుకూల ఓట్లు పడాలి. కానీ వారంట్లు తీసుకునే ప్రమోటరు కూడా అందులో ఓటు వేయవచ్చు. కంపెనీ తన సొంతవాళ్లతో చేసే ‘సంబంధిత పక్షాల లావాదేవీల’ను ఆమోదించే ఓటు ఆ పక్షాలకు ఉండకూడదని సెబీయే లిస్టెడ్ కంపెనీలకు నియమం పెట్టింది. ప్రాధాన్య కేటాయింపును మాత్రం ఆ నిర్వచనం నుంచి తప్పించింది. ఈ మినహాయింపు తీసేయాలి. తన బయానా ధరకు తానే ఓటు వేసుకునే హక్కు ఎవరికీ ఉండకూడదు.

ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చూడాలి. సత్యం కుంభకోణం 2009 జనవరిలో బయటపడ్డాకే, ప్రమోటర్లు తాకట్టు పెట్టిన షేర్ల వివరాలు వెల్లడించడాన్ని సెబీ తప్పనిసరి చేసింది. ఉన్న షేర్లు కుదువపెట్టి కొత్త వారంట్లకు కట్టే డబ్బును నమ్మకానికి గుర్తుగా నేను లెక్కించను.

ఆ తీర్మానం మీద ఈ-ఓటింగ్ జరిగినప్పుడు మా రైతుకూ ఈమెయిలు వచ్చిందట. పట్టుబడి హడావుడిలో చూడలేదన్నారు. ఆయన కొత్త షేర్లు కొనలేదు, ఉన్నవి అమ్మలేదు. వారంట్లు కేటాయించిన తేదీ అడిగి, దానికి 18 నెలలు కలిపి, మేత లెక్కలు రాసే పుస్తకం వెనక పేజీలో గడువు రాసుకున్నారు. “ఆ మిగతా 75 శాతం కట్టిన రోజున మళ్లీ వస్తానండి” అన్నారు.