రిజర్వ్ డ్రైవర్ నీళ్లు మోసేవాడు కాదు బాబాయ్

ఈ మెసేజ్ నాకు మూడు వారాల్లో ఆరుసార్లు వచ్చింది. ఆఫీసు గ్రూపులో రెండుసార్లు, కాలేజీ గ్రూపులో రెండుసార్లు, చుట్టాల గ్రూపులో ఒకసారి. ఆరోసారి మా కూకట్‌పల్లి బాబాయ్ విడిగా పంపి, "ఆదివారం తిండి కూడా మానేసి చూస్తావు కదరా ఈ రేసులు, ఇందులో నిజమెంత?" అని అడిగాడు. మొదటి అయిదుసార్లూ నోరు మూసుకున్నాను. బాబాయే అడిగాడు కాబట్టి ఇక తప్పదు.

చూడనివాళ్ల కోసం చెబుతున్నా. "ఫార్ములా వన్ వాళ్లు దాచే ఏడు నిజాలు" అని లావుపాటి అక్షరాల్లో, అడుగడుక్కీ మంట బొమ్మలతో ఉంటుంది. అందులో ఉన్నది ఇదీ. రిజర్వ్ డ్రైవర్ అంటే క్రికెట్లో నీళ్లు మోసే పన్నెండోవాడు, ఊరికే జీతం తీసుకుంటాడు. ఇప్పటి కార్లు ఎవరైనా నడపొచ్చు, 2024లో 18 ఏళ్ల కుర్రాడు ఫెరారీని ఏడో స్థానంలో నిలబెట్టడమే సాక్ష్యం. ఫెరారీ డ్రైవర్ సైంజ్ కడుపునొప్పికి సెలవు పెట్టాడు, అసలు మగాళ్లు విరిగిన చేతులతోనే నడుపుతారు. పెద్ద జట్లు కావాలంటే మూడో కారు దించుకోవచ్చు. రిజర్వ్ డ్రైవర్ హెల్మెట్ తెల్లగానే ఉండాలి. పదకొండో జట్టును ఇన్నాళ్లూ ఆపింది కేవలం డబ్బు కోసం. పన్నెండో జట్టు మనదే, అందులో డ్రైవర్లిద్దరూ మనవాళ్లే, అంతా ఖాయమైపోయింది.

హెల్మెట్ సంగతి అబద్ధం. మూడో కారు సంగతి కూడా అబద్ధం, జట్టుకి రెండే కార్లు. ఈ రెండూ అయిపోయాయి.

నీళ్లు మోసేవాడి సంగతికొద్దాం. 2020 అక్టోబరులో నూర్‌బర్గ్‌రింగ్‌లో శనివారం పొద్దున లాన్స్ స్ట్రోల్ అనే డ్రైవర్‌కి ఒంట్లో బాగోలేదు. ఆ ఏడాది సీటు లేని డ్రైవర్ హల్కెన్‌బర్గ్ అప్పుడు కొలోన్‌లో కాఫీ తాగుతున్నాడు. ఫోనొచ్చింది, కారెక్కి వచ్చాడు, ప్రాక్టీస్ ఒక్క ల్యాప్ కూడా లేకుండా నేరుగా క్వాలిఫైయింగ్‌కి (రేసులో ఎవరు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తేల్చే పోటీకి) దిగాడు. చిట్టచివరి నుంచి మొదలుపెట్టి ఎనిమిదో స్థానంలో ముగించాడు. రిజర్వ్ వాళ్లు మామూలుగా చేసేది సిమ్యులేటర్లో గంటలకు గంటలు కూర్చుని, శుక్రవారం ప్రాక్టీస్ డేటా చూసి, శనివారానికి కారు సెటప్ ఎలా ఉండాలో ఇంజినీర్లకి వెతికిపెట్టడం. అది టీవీలో కనపడదు కాబట్టి పని లేనట్టేనా? పైగా 2025 నుంచి ప్రతి కారులోనూ ఏడాదికి రెండుసార్లు మొదటి ప్రాక్టీస్‌లో కొత్త కుర్రాళ్లకి సీటివ్వాల్సిందే, అది నిబంధన. వేరే దేశాల సంగతెందుకు, 2023 ఫిబ్రవరి 11న మన హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ (కరెంటు కార్ల) రేసు జరిగింది కదా, అందులోనూ ఒక సబ్‌స్టిట్యూట్ ఉన్నాడు. రాబిన్ ఫ్రైన్స్ మెక్సికోలో చెయ్యి విరగ్గొట్టుకుంటే అతని కారు కెల్విన్ వాన్ డర్ లిండె నడిపాడు. ఎన్టీఆర్ మార్గ్‌లో సెల్ఫీలు దిగిన వాళ్లలో ఎంతమందికి తెలుసో నాకు డౌటే.

ఇప్పుడు "ఎవరైనా నడపొచ్చు". ఈ మాట రాసినవాడికి ఆ కుర్రాడు బేర్మన్ నడిపిన సౌదీ జెడ్డా రేసు తప్ప ఇంకేం తెలిసినట్టు లేదు, అదీ సగమే తెలుసు. సైంజ్ బదులు దిగిన బేర్మన్‌ని ఎవరో రోడ్డు మీద నుంచి పిలిచి కూర్చోబెట్టలేదు. అంతకుముందు ఏడాదే హాస్ అనే జట్టు కారులో మెక్సికోలో, అబుదాబిలో మొదటి ప్రాక్టీస్ నడిపాడు, పాత ఫెరారీని ఆ కంపెనీ సొంత ట్రాక్ ఫియొరానోలో తిప్పాడు, ఆ వారాంతం జెడ్డాలోనే ఒక మెట్టు కింది ఫార్ములా టూలో పోల్ (అందరికంటే ముందు నుంచి మొదలుపెట్టే స్థానం) కొట్టి ఉన్నాడు. శుక్రవారం ఒక్క ప్రాక్టీస్ చేసి పదకొండో స్థానంలో క్వాలిఫై అయ్యాడు, మర్నాడు రేసులో నోరిస్, హామిల్టన్ ఇద్దర్నీ వెనక పెట్టుకుని ఏడోవాడిగా వచ్చాడు. అది ఎవరైనా చేసేది కాదు.

కారే అంతా చేసేస్తుందంటే మరి 2009 ఏమైంది? ఫెరారీ డ్రైవర్ మాసాకి హంగరీలో తలకి దెబ్బ తగిలితే ఫెరారీ తన టెస్ట్ డ్రైవర్ లూకా బాడోయర్‌ని దించింది. ఏళ్ల తరబడి ఫెరారీ కార్లు టెస్ట్ చేసిన మనిషి, కానీ 1999 తర్వాత రేసు చెయ్యలేదు. వలెన్సియాలో అందరికంటే వెనక, బెల్జియంలోని స్పాలోనూ అందరికంటే వెనక. పాపం ఆ రెండు రేసులతో పేరు పోగొట్టుకున్నాడు. సరే, పాతవాడు, తుప్పు పట్టాడు అనుకుందాం. అతని బదులు వచ్చిన ఫిజికెల్లా? ఆ స్పా రేసులోనే మన మాల్యాగారి ఫోర్స్ ఇండియాని పోల్ మీద పెట్టి రెండో స్థానంలో నిలబెట్టినవాడు. వెంటనే ఫెరారీలో కూర్చున్నాడు. అయిదు రేసులు, ఒక్క పాయింటు లేదు. ఫోర్స్ ఇండియాలో రెండో స్థానం, ఫెరారీలో సున్నా. కారే నడుస్తుందన్నవాళ్లు ఈ లెక్క నాకు విప్పి చెప్పాలి.

ఒకటి మాత్రం ఒప్పుకుంటా. ఒక్క రేసులో మెరిసినంత మాత్రాన వాడు పెద్ద డ్రైవరైపోడు. నేనూ ఇందులో మోసపోయాను. 2022లో ఇటలీలోని మోంజాలో డి వ్రీస్ అనే రిజర్వ్ డ్రైవర్ శుక్రవారం ఆస్టన్ మార్టిన్ కారులో ప్రాక్టీస్ చేశాడు, శనివారం విలియమ్స్ జట్టు నుంచి పిలుపొస్తే అందులో కూర్చున్నాడు, ఆదివారం తొమ్మిదో స్థానం, రెండు పాయింట్లు. చొక్కా మార్చుకున్నట్టు జట్టు మార్చి పాయింట్లు తెచ్చాడని ఊరంతా చెప్పుకు తిరిగాను. మరుసటి ఏడాది ఆల్ఫాటౌరీ జట్టులో పది రేసులకి సున్నా పాయింట్లు, ఇంటికి పంపేశారు. అప్పట్నించీ మా ఆఫీసులో నేనేం చెప్పినా "డి వ్రీస్ అంత నిజమా?" అంటారు.

ఇప్పుడు అసలు సంగతి. మిగతా ఆరూ కోడిగుడ్డు మీద ఈకలు పీకడమే అనుకుని వదిలేసినా, ఆ మూడో నంబరు మాత్రం నేను వదలను. "కడుపునొప్పికి సెలవు." 

కడుపునొప్పి కాదయ్యా అది, అపెండిసైటిస్. మోంజాలో డి వ్రీస్‌కి సీటు ఎందుకొచ్చిందో చెప్పలేదు కదూ? విలియమ్స్ డ్రైవర్ అల్బన్‌కి కూడా అదే వచ్చింది. ఆపరేషన్ బాగానే జరిగింది, తర్వాత మత్తుమందు తేడా చేసి ఊపిరాడక ఐసీయూలోకి వెళ్లాడు, వెంటిలేటర్ మీద పెట్టారు. ఆదివారం పొద్దునగానీ తియ్యలేదు. మీ మెసేజ్ ప్రకారం ఆయన ఆ పూట లేచి మోంజాలో గంటకి 340 కిలోమీటర్ల వేగంతో వెళ్లాలన్నమాట. మూతికి గొట్టంతోనా?

కుట్లు పడిన పొట్ట మీద బెల్టులు బిగించాలి. బ్రేకు తొక్కిన ప్రతిసారీ ఒళ్లంతా ఆ బెల్టుల మీదికే వస్తుంది. అదీ తట్టుకుంటాడనుకుందాం, డ్రైవర్ ఏడు సెకన్లలో కారులోంచి తనంతట తాను బయటికి రావాలని ఒక పరీక్ష ఉంది. అది సరదాకి పెట్టింది కాదు. 2020 బహ్రెయిన్‌లో గ్రోజాన్ అనే డ్రైవర్ కారు కంచెలోకి దూసుకుపోయి రెండు ముక్కలై మంటలంటుకుంటే ఆ మనిషి దాదాపు 28 సెకన్లు ఆ మంటల్లో ఉండి తనే పెనుగులాడి బయటపడ్డాడు. కుట్లతో ఉన్నవాడు అలా పెనుగులాడగలడా?

"అసలు మగాళ్లు" అని మీరు పెట్టిన ఫొటో స్ట్రోల్‌ది. 2023లో సైకిల్ మీంచి పడి రెండు మణికట్లూ దెబ్బతింటే, ఆపరేషనై రెండు వారాలు తిరక్కుండానే బహ్రెయిన్‌లో నడిపి ఆరో స్థానంలో వచ్చాడు. నిజమే. ఆ రేసు నేను నోరు తెరుచుకుని చూశాను, స్ట్రోల్ అంటే నాకు పెద్ద అభిమానం లేదు, అయినా ఆ రోజు చప్పట్లు కొట్టాను. కానీ ఫొటో కింద రాయనిది ఒకటుంది. 2025 స్పెయిన్‌లో క్వాలిఫైయింగ్ అయ్యాక అతని చెయ్యి, మణికట్టు నొప్పితో పనిచెయ్యలేదు. ఈ నొప్పికి 2023 ఆపరేషన్‌తో సంబంధం ఉందని డాక్టరు అభిప్రాయమని జట్టే ప్రకటించింది. క్వాలిఫైయింగ్ దాటాక ఇంకొకరిని కూర్చోబెట్టడం కుదరదు కాబట్టి ఆ ఆదివారం అతని జట్టు ఆస్టన్ మార్టిన్ ఒక్క కారుతోనే రేసు చేసింది.

క్రికెట్ పోలిక తెచ్చింది మీరే కాబట్టి అదే చెబుతా. తలకి దెబ్బ తగిలినవాడి బదులు పూర్తి ఆటగాడిని దించొచ్చని ఐసీసీ కూడా 2019లో ఒప్పుకుంది, లార్డ్స్‌లో స్మిత్ బదులు లబుషేన్ వచ్చి బ్యాటింగ్ చేశాడు. స్మిత్‌ని ఎవరూ ఆడంగి అనలేదు.

నాకింత కోపం ఎందుకంటే, మా పెద్దమ్మ మనవడు, పద్నాలుగేళ్లవాడు, ఊరి బయట ఒక కార్టింగ్ ట్రాక్‌లో పిల్లల పోటీకి వెళ్లాడు. ముందు రోజే బడిలో పడి మణికట్టు వాచింది. ఇంట్లో చెప్పలేదు. అక్కడా ఎవరూ అడగలేదు. కార్ట్ స్టీరింగ్‌కి పవర్ స్టీరింగ్ ఉండదు, గుంతలో పడితే చేతిలోంచి లాక్కుంటుంది. సన్నగా చిట్లిన ఎముక పూర్తిగా విరిగింది. ఎందుకు చెప్పలేదురా అని వాళ్లమ్మ ఏడుస్తూ అడిగితే ఫోన్ తీసి ఏం చూపించాడో తెలుసా? ఈ మెసేజే. "స్ట్రోల్ నడిపాడు కదమ్మా." వాడి బదులు కూర్చోవడానికి ఇంకో పిల్లాడు హెల్మెట్ పట్టుకుని పక్కనే ఉన్నాడట, వాడికి సీటిస్తే పరువు పోతుందనుకున్నాడు.

కడుపునొప్పికి సెలవు పెట్టిన సైంజ్ సంగతి కూడా మెసేజ్‌లో సగంలోనే ఆగిపోయింది. ఒక్క రేసు మానుకున్నాడు. రెండు వారాల తర్వాత మెల్‌బోర్న్‌లో దిగాడు. గెలిచాడు.

ఇక పదకొండో జట్టు. "కేవలం డబ్బు కోసం ఆపారు" అన్నదానికి నేను పెద్ద యుద్ధం చేద్దామనే కూర్చున్నాను, కానీ ఆలోచిస్తే ఇందులో మెసేజ్‌దే చాలావరకు రైటు. 2023 అక్టోబరులో నిబంధనలు చూసే సంస్థ ఎఫ్ఐఏ, అమెరికా జట్టు ఆండ్రెట్టికి సరేనంది. 2024 జనవరి 31న వాణిజ్య హక్కులున్న ఎఫ్ఓఎం వద్దంది, ఈ జట్టు పోటీ ఇవ్వలేదని పెద్ద ప్రకటన రాసింది. మాట్లాడటానికి రమ్మని మెయిల్ పంపామన్నారు, ఆ మెయిల్ స్పామ్‌లోకి పోయిందని ఆండ్రెట్టి వాళ్లన్నారు. వేల కోట్ల వ్యవహారం మన కరెంటు బిల్లు మెయిల్‌లా పోయిందట. అసలు గొడవ పంపకాలది. పదిమంది పంచుకునే బహుమతి డబ్బు పదకొండుమందికి పంచాలంటే ఉన్నవాళ్ల వాటా తగ్గుతుంది. కొత్తగా వచ్చేవాళ్లు పరిహారంగా 20 కోట్ల డాలర్లు కట్టాలని పాత ఒప్పందంలో ఉంది, అది చాలదన్నారు. చివరికి జనరల్ మోటార్స్ ముందుకొచ్చి, మైకేల్ ఆండ్రెట్టి పక్కకి తప్పుకుని, పేరు కాడిలాక్‌గా మారాక 2025 మార్చిలో పూర్తి అనుమతి వచ్చింది. ఇప్పుడు కట్టింది 45 కోట్ల డాలర్లని వార్తలు. అంటే పోటీ ఇవ్వలేరన్న భయం పేరు మారగానే పోయింది. కాబట్టి డబ్బే, ఒప్పుకుంటున్నా. ఆ ఒక్క "కేవలం" తీసెయ్యండి చాలు, ఎందుకంటే 2010లో తలుపులు తెరిచి కొత్తవాళ్లని పిలిస్తే ఒక జట్టు అసలు రానేలేదు, వచ్చిన మూడూ 2017 మొదట్లోపు మూతపడ్డాయి. ఆ భయం పూర్తిగా నాటకం కాదు.

చివరిది, పన్నెండో జట్టు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం. అలాంటి జట్టుకి ఎవరూ అనుమతి ఇవ్వలేదు. వచ్చిందే అనుకుందాం, జట్టు మనదైతే డ్రైవర్లు మనవాళ్లవుతారా? ఫోర్స్ ఇండియా 2008 నుంచి 2018 దాకా ఉంది, దాని రేసు సీట్లో ఒక్క భారతీయుడు కూర్చోలేదు. కాడిలాక్ అమెరికా జట్టు, 2026కి తీసుకున్నది మెక్సికో పెరెజ్‌ని, ఫిన్లాండ్ బొటాస్‌ని. ఫార్ములా వన్ నడపాలంటే ఉండాల్సిన సూపర్ లైసెన్స్‌కి 40 పాయింట్లు కావాలి, 2022లో అమెరికా డ్రైవర్ కోల్టన్ హెర్టాకి 32 ఉంటే ఎనిమిదే కదా తక్కువని ఎవరూ వదిలెయ్యలేదు. ఇంకా మన ఇద్దరు డ్రైవర్లు ఎవరో ఆ మెసేజ్‌లో పేర్లు కూడా లేవు, ఫొటో మాత్రం ఎవరో సినిమా హీరోది.

అయితే బాబాయ్, జట్లు పెరిగితే మనకేం ఒరగదు అని మాత్రం నేననను. మన మొదటి ఫార్ములా వన్ డ్రైవర్ నరైన్ కార్తికేయన్ తర్వాత మనవాడికి రేసు సీటు ఇచ్చింది ఫోర్స్ ఇండియా కాదు, ఆ 2010 కొత్త జట్లలోకెల్లా బీద జట్టు, స్పెయిన్ వాళ్ల హెచ్ఆర్‌టీ. బహ్రెయిన్‌లో కరుణ్ చందోక్ ఆ కారులో మొట్టమొదటి ల్యాప్ వేసింది క్వాలిఫైయింగ్‌లోనే, అప్పటిదాకా ఆ కారు సిద్ధంగానే లేదు. రేసులో ఒక్క ల్యాప్ పూర్తిచేసి రెండోదాంట్లో ప్రమాదంతో ఆగిపోయాడు. ఆ ఒక్క ల్యాప్‌కి మా హాస్టల్ టీవీ గదిలో ఎంత గోల చేశామంటే వార్డెన్ వచ్చి ప్లగ్ పీకేసి వెళ్లాడు.